చీలిన గరిటెకు అమ్మిన బిడ్డ

కనింజాన్ ముసలమ్మకు ఈ లోకంలో రెండే భయాలు. ఒకటి దిష్టి, రెండోది దిష్టి లేదనే మనుషులు. ఆ రెండో రకం మనుషులు కొండమీదికి వచ్చినప్పుడల్లా ఆవిడ గుడారం గుమ్మంలో అర్చా అనే కొండచెట్టు కొమ్మ కాల్చి పొగ పెట్టి కూర్చునేది. కోడలు బురుల్‌కి అత్త భయాలు చూస్తే మొదట్లో నవ్వొచ్చేది. ఇద్దరు బిడ్డల్ని, ఒకణ్ణి ఇరవై రోజులకి, ఒకదాన్ని ఏడో నెలలో, మట్టిలో పెట్టాక ఆ నవ్వు పోయింది.

మూడోవాడు పుట్టిన రోజున వాణ్ణి తల్లి పక్కలో పడుకోనివ్వలేదు. కనింజాన్ వాణ్ణి పాతగుడ్డలో చుట్టి, గుడారం వెనక ఉన్నిపట్టా ఎత్తి, ఆ సందులోంచి బయటికి అందించింది. బయట పక్క గుడారం బాత్మా చేతులు చాపి నిలబడి ఉంది. బాత్మాకి తొమ్మిదిమంది పిల్లలు, తొమ్మిదిమందీ బతికారు. అలాంటి ఇంటికి బిడ్డను అమ్మేస్తే చావుకి దారి తెలియదని ఆ కొండల్లో అందరి నమ్మకం. ధర ఒక చీలిన చెక్క గరిటె. బాత్మా గరిటె ఇచ్చింది, బిడ్డను తీసుకుంది, మూడు రోజులు తన దగ్గర ఉంచుకుంది. నాలుగో రోజు పొద్దున తెచ్చి, "ఈ దిక్కుమాలినవాణ్ణి మీరే పెంచండి, నాకు తీరిక లేదు" అని పడేసి పోయింది. పేరు తెజెక్ అన్నారు. తెజెక్ అంటే పిడక. పిడక మీద ఎవరు కన్నేస్తారు?

వాడికి అయిదో ఏడు వచ్చి గుర్రం ఎక్కించే రోజున ఆ గరిటె బాత్మా చేతికి తిరిగిచ్చి వాణ్ణి కొనుక్కోవాలి. అప్పటిదాకా ఆ ఇంట్లో ఎవరూ వాణ్ణి మావాడు అనకూడదు. ముద్దొస్తే, "ఛీ, ఎంత రోతగా ఉన్నాడో" అనాలి. వాడు నానమ్మను అమ్మా అని పిలిచేవాడు, కన్నతల్లిని బురుల్ అని పేరు పెట్టి పిలిచేవాడు. బురుల్ పలికేది. పలికిన ప్రతిసారీ లోపలెక్కడో ముల్లు గుచ్చుకునేది. ఆ ముల్లు ఉన్నంతకాలం వాడుంటాడు కదా అని ఓర్చుకునేది.

యంత్రం వచ్చింది వాడికి ఏడాదిన్నర వయసప్పుడు. అంతకు ముందు వేసవిలో రెండు గుడారాల పిల్లలు లోయలో పడిపోయారు. దాంతో జిల్లా ఆఫీసు వాళ్లు మందలు కాసే ఇళ్లకు తలా ఒక కాపలా యంత్రాన్ని ఇచ్చారు. గుర్రప్పిల్లంత ఎత్తు, నాలుగు కాళ్లు, ముందు రెండు చేతులు, వీపు మీద బిడ్డ కూర్చోవడానికి పట్టీలున్న ఉన్ని గద్దె. బూడిదరంగులో ఉంది కాబట్టి బోజ్ అన్నారు. అక్కడ జంతువుకి రంగే పేరు, ఇంకో పేరు వెతికే ఓపిక ఎవరికీ లేదు.

దాన్ని తెచ్చిన ఆఫీసరమ్మ మంచి పిల్లే. "కొండమీద మీ కాగితాలు ఒకదానితో ఒకటి ఎప్పుడూ కలవవమ్మా. అందుకే మొదటిరోజు ఇంటిపెద్ద నోటితో చెప్పిందే దీనికి రిజిస్టరు. తర్వాత మార్చాలన్నా మళ్లీ ఆ గొంతే చెప్పాలి" అంది. చేతిలోని కాగితం చూసి నిబంధనలు ఇంకా చాలా చదివింది. బిడ్డకు నమోదైన పెద్ద చనిపోయి, వేరే పెద్ద ఎవరూ నమోదై లేకపోతే, యంత్రం బిడ్డను పట్నంలో పిల్లల ఆశ్రమానికి చేరుస్తుందని కూడా చదివింది. బురుల్ ఈ చెవిన విని ఆ చెవిన వదిలేసింది. ఆఫీసరమ్మను ఎవరో కిమిజ్, అంటే పులిసిన గుర్రప్పాలు, తాగడానికి పక్క గుడారానికి లాక్కుపోయారు. యంత్రం కనింజాన్ ముందు మోకాళ్లు మడిచి కూర్చుంది.

"ఈ బిడ్డ ఎవరి బిడ్డ?" అని అడిగింది.

కనింజాన్ పైకి, పొగ పోయే కంత వైపు చూసింది. చెడు వినాలనుకుంటే అక్కణ్నుంచే వింటుందని ఆవిడ లెక్క.

"నాకేం తెలుసు? పేడకుప్పలో దొరికాడు. పక్క గుడారం బాత్మా కొనుక్కుంది. వాడు దానివాడు."

"మరి ఈవిడ?"

"పాలు పితకడానికి పెట్టుకున్న మనిషి."

యంత్రం బురుల్ వైపు తిరిగింది. "మీరు బిడ్డ తల్లి కారా?"

అప్పుడు బురుల్ నోరు విప్పి నిజం చెప్పి ఉండొచ్చు. ఆఫీసరమ్మను పిలిచి ఉండొచ్చు. ఆమె కళ్ల ముందు రెండు చిన్న మట్టి దిబ్బలు కదిలాయి. "కాను" అంది. అత్త బలవంతం చేస్తే అన్నది కాదు. తనే అంది.

"నమోదయింది. ధన్యవాదాలు, పాలమనిషి గారూ" అంది బోజ్.

ఆ సాయంత్రం బురుల్ మొగుడు సమత్ కడుపు పట్టుకుని నవ్వాడు. "అయితే నేనెవర్నట?"

"గొర్రెల కాపరివని చెప్పానురా" అంది తల్లి.

"అది మాత్రం నిజమే చెప్పావు."

నవ్వుకుని వదిలేశారు. యంత్రమే కదా, ఏమనుకుంటే ఏం, కొంపలంటుకుపోతాయా అనుకున్నారు.

నిజం చెప్పాలంటే బోజ్‌కి వంక పెట్టడానికి లేదు. ఎండ ఎటు తిరిగితే అటు తిరిగి పిల్లాడికి నీడ పట్టేది. పాలు వేడెక్కువైతే ఊదేది కాదు, దానికి ఊపిరి లేదు, గిన్నెను చల్లటి నీళ్లలో తిప్పేది. పిల్లాడి ఊపిరి మాత్రం నిద్రలో కూడా లెక్కపెట్టేది. ఒక్కటే మొండితనం. కిందటేడు గుర్రాలు కొనడానికి వచ్చిన పెద్దమనిషి ఒకాయన సరదాకి పిల్లాణ్ణి ఎత్తుకోబోతే, బోజ్ వాణ్ణి వీపు మీదికి లాక్కుని ముప్ఫై అడుగులు వెనక్కి పోయింది. ఆయన దగ్గరికి వెళ్తే ఇంకో ముప్ఫై. ఇంటి పనివాళ్లు గుడారంలో ఎత్తుకుంటే ఊరుకునేది, బయట మాత్రం నమోదైన పెద్ద కానివాళ్లు బిడ్డను తీసుకోబోతే దూరం జరగాలి, అంతే. గుడారం ముందు అందరూ ఆ తమాషా చూసి నవ్వారు. బురుల్ కూడా నవ్వింది.

ఇక ఆ రోజు సంగతి. వేసవి చివర, పైనుంచి చలిగాలి మొదలైంది. సమత్ గొర్రెలతో రెండు రోజుల దూరంలో పై పచ్చిక మీద ఉన్నాడు. మధ్యాహ్నం బురుల్ ఆడగుర్రాల పాలు పితుకుతుంటే పల్లెనుంచి ఒరోజ్ వచ్చాడు. ఒరోజ్ ఊళ్లో చావు కబుర్లు మోసే పెద్దమనిషి. ఆయన గుర్రం దిగకుండా నెమ్మదిగా నడిపించుకుంటూ వస్తుంటేనే కబురు ఎలాంటిదో తెలిసిపోతుంది.

"కనింజాన్ అక్కా, కూర్చో" అన్నాడు. "పక్షి ఎంత ఎత్తున ఎగిరినా చివరికి నేల మీదే వాలాలి."

"ఎవరు?"

"బాత్మక్క. తెల్లారగట్ల. నిద్రలోనే."

కనింజాన్ నేల మీద కూలబడి, రెండు చేతులూ నడుముకి ఆనించి, రాగం తీసి ఏడవడం మొదలుపెట్టింది. బురుల్ పాలబిందె పక్కన పెట్టి వచ్చి అత్త పక్కన కూర్చుని ఏడ్చింది. ఒంట్లో బాగాలేక బాత్మా ఈ వేసవి కొండెక్కకుండా పల్లెలోనే ఉండిపోయింది. మంచి మనిషి, నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది. అలా కాసేపు నిజంగానే ఏడ్చారు. ఉన్నట్టుండి కనింజాన్ రాగం ఆపి, లేచి లోపలికి వెళ్లి, చువ్వకు వేలాడే చీలిన గరిటె తీసి ఒళ్లో దోపుకుంది.

"దాని చేతిలో పెట్టి కొనుక్కోవాలి. పూడ్చేలోపల పోవాలి" అని గొణిగింది. "ఇంకా అయిదో ఏడు రాలేదే, ఏం చేయను దేవుడా."

అప్పుడు అడిగింది బురుల్, "తెజెక్ ఏడి?" అని.

బోజ్ రోజూ మధ్యాహ్నం పిల్లాణ్ణి ఎక్కించుకుని గుట్ట మీదికి వెళ్తుంది. ఆ చుట్టుపక్కల సిగ్నల్ అందేది అక్కడే. ఆఫీసు కబుర్లు ఏవైనా ఉంటే తీసుకుని, పిల్లాడు నాలుగు అడవిఉల్లి ఆకులు పీక్కునేదాకా ఆగి, తిరిగి వస్తుంది. ఈపాటికి రావాలి. బురుల్ చెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకుని చూసింది. గుట్ట ఖాళీగా ఉంది.

"ఒరోజ్ అన్నా, బాత్మత్త పోయిన సంగతి ఆఫీసులో రాయించారా?"

"పొద్దున్నే. ఫోన్‌లో చెబితే ఆదివారమైనా అదే రాసుకుంటుంది. ఇప్పుడు చావును దాచే వీలెక్కడుందమ్మా. ఇక్కడ కళ్లు మూస్తే గంటలో పట్నంలో తెలిసిపోతుంది."

రెండేళ్ల కిందట బురుల్ ఆ చెవిన వదిలేసిన మాట ఎక్కడ దాక్కుందో, ఇప్పుడు ఒక్క అక్షరం పోకుండా తిరిగొచ్చింది. బిడ్డకు నమోదైన పెద్ద చనిపోయి, వేరే పెద్ద ఎవరూ నమోదై లేకపోతే. బోజ్‌కి తెలిసిన లెక్కలో తెజెక్‌కి ఇప్పుడు ఈ భూమ్మీద ఎవరూ లేరు. ఒక ముసలమ్మ, ఒక కాపరి, ఒక పాలమనిషి ఉన్నారంతే.

ఆమె ఒరోజ్ గుర్రం కళ్లెం అందుకుంది. "అన్నా, మా గుర్రం మీద అత్తయ్యను ఎక్కించుకుని పట్నం దారిలో ఏటి రేవు దగ్గరికి రా. ఏడ్చినా, తిట్టినా, మోసుకొచ్చైనా సరే తీసుకురా. ఆ గొంతు కావాలి."

గుట్ట మీద బోజ్ గిట్టల గుర్తులు తడిమట్టిలో స్పష్టంగా ఉన్నాయి. వచ్చినవైపు కాకుండా అవతలివైపుకి, పట్నం దారిలోకి దిగాయి. పక్కన నమిలి ఉమ్మేసిన ఉల్లి ఆకు ఉంది. బురుల్ అక్కడ ఆగి ఆఫీసుకి ఫోన్ చేసింది. ఆదివారం. మోగి మోగి ఆగిపోయింది. ఇంకోసారి చేసింది, మళ్లీ అంతే. ఫోన్ రొండిన దోపుకుని గుర్రాన్ని అదిలించింది.

దారంతా ఆమె ఒకటే లెక్క వేసుకుంది. రేవు దాటితే బండ్ల బాట వస్తుంది, బండ్ల బాట మీద యంత్రం గుర్రం కంటే వేగంగా పోగలదు, సాయంత్రానికి పట్నం చేరుతుంది. ఆశ్రమంలోకి వెళ్లిన బిడ్డను తేవాలంటే కాగితాలు కావాలి, వాళ్ల కాగితాలు ఒకదానితో ఒకటి కలవవు, పైగా ఆ యంత్రంలో తన గొంతే ఉంది, కాను అని. ఎవరడిగినా వినిపిస్తారు. తల్లే కాదంది కదమ్మా అంటారు. ఏమని చెబుతుంది? చావుకి వినపడకుండా ఉండాలని అన్నాను అని చెబుతుందా? పట్నం వాళ్లు ఎలా చూస్తారో ఆమెకు ఇప్పుడే కనిపిస్తోంది. చేసుకున్నవాళ్లకి చేసుకున్నంత అనుకుంది, అనుకుని ఏడ్చింది, ఏడుస్తూనే గుర్రాన్ని తోలింది.

రేవు దగ్గర బోజ్ నిలబడి ఉంది. మధ్యాహ్నం ఎండకి పైన మంచు కరిగి ఏరు పెరుగుతుంది. పొద్దున మోకాలు లోతుండేది సాయంత్రానికి మనిషిని ముంచుతుంది. రాత్రి చలికి మళ్లీ తగ్గుతుంది. బోజ్ తెలివిగలది, బిడ్డతో పొంగే నీళ్లలోకి దిగకుండా తగ్గేదాకా ఒడ్డునే ఆగింది. ఉన్ని గద్దెలో తెజెక్ కాళ్లూపుకుంటూ ఏదో పాడుకుంటున్నాడు. అక్కడే, అరవై అడుగుల దూరంలో, కళ్ల ముందే ఉన్నాడు.

ఆ క్షణంలో బురుల్‌కి తెలివి ఉండాల్సింది. లేకపోయింది. గుర్రం మీంచి దూకి, రెండు చేతులూ చాపి పరిగెత్తింది.

"పాలమనిషి గారూ, దయచేసి దూరంగా ఉండండి" అంది బోజ్. పట్టీలు బిగించి వెనక్కి నడిచింది. వెనక ఏరు. ముప్ఫై అడుగులు అంటే ముప్ఫై అడుగులే దానికి. నీళ్లలోకి దిగి, మొదటి పాయ దాటి, మధ్యలో ఉన్న రాళ్లదిబ్బ ఎక్కి ఆగింది.

బురుల్ అక్కడికక్కడే కొయ్యబారిపోయింది. గుర్రాల బేరగాడు గుర్తొచ్చాడు. ఇంకో అడుగు వేస్తే అది ఇంకో ముప్ఫై అడుగులు పోతుంది. ఆ దిబ్బ వెనక ఉన్నది పెద్ద పాయ.

"బురుల్" అని పిలిచాడు పిల్లాడు, నవ్వుతూ. ఆట అనుకున్నాడు. "బురుల్, రా. బోజ్‌ని పట్టుకో."

"రాను నాన్నా" అంది. "నువ్వు గట్టిగా కూర్చో."

ఆమె వెనక్కి నడిచింది. ఒడ్డు దాటి, గుర్రం దాటి, పొదల దాకా వెళ్లింది. తను పోతే అది ఒడ్డుకి వస్తుందని ఆశ. బోజ్ దిబ్బ అంచుదాకా వచ్చి, ఒక చెయ్యి నీళ్లలో ముంచి చూసి, ఆగిపోయింది.

"లోతు నా హద్దు దాటింది. బిడ్డతో దిగను. నీళ్లు తగ్గేదాకా ఇక్కడే ఉంటాను" అని గట్టిగా చెప్పింది, వాతావరణం చెప్పినంత తాపీగా.

నీళ్లు తగ్గేది రాత్రికి. ఆ దిబ్బ రాత్రిదాకా ఉండదు. బురుల్ పెళ్లయి వచ్చిన దగ్గర్నుంచి ఎనిమిది వేసవులు ఆ ఏరు చూసింది. చీకటిపడే వేళకి ఆ దిబ్బ ఎక్కడుందో కూడా తెలియదు. అది మ్యాపుల్లో ఉండదు, ఏటా చోటు మారుతుంది. ఒడ్డున బుద్ధిగా నిలబడినదాన్ని ఏట్లోకి తరిమింది తనే. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారు, ఆమె రెండూ తనే తవ్వుకుంది.

జీనుకి కట్టిన తాడు విప్పి విసిరింది. బాగానే విసిరింది, దిబ్బ మీద పడింది. బోజ్ తాడు వైపు చూసి పక్కకు జరిగింది.

"అది పట్టుకో బోజ్. గుర్రంతో లాగుతాను."

"మీరు బిడ్డకు ఏమీ కారు, పాలమనిషి గారూ. మీ చేతికి అప్పగించలేను."

"నేను తల్లిని."

"రెండేళ్ల కిందట అడిగాను. కానన్నారు."

"అప్పుడు అబద్ధం చెప్పాను. నా కొడుకు వాడు. వింటున్నావా? నా కొడుకు."

జీవితంలో మొదటిసారి ఆ మాట పైకి అంది. అని, అలవాటు కొద్దీ ఆకాశం వైపు చూసింది. ఏమీ కాలేదు. యంత్రానికీ ఏమీ కాలేదు.

"మార్చాలంటే ఇంటిపెద్ద గొంతు కావాలి" అంది.

దిబ్బ మీద పిల్లాడి పాట ఆగిపోయింది. నీళ్ల చప్పుడు పెరిగింది. బోజ్ కాళ్ల మధ్య ఇంతకుముందు పొడిగా ఉన్న రాళ్లు ఇప్పుడు మెరుస్తున్నాయి. బురుల్ ఒక పెద్ద తెల్ల రాయి మీద కన్నేసి ఉంచింది. కాసేపటికి ఆ రాయి కనపడలేదు. ఇంకో రాయి చూసుకుంది. దానికీ అదే గతి పట్టింది. ఇక రాళ్లు చూడటం మానేసింది.

ఒరోజ్ వచ్చేసరికి నీళ్లు బోజ్ గిట్టలను ముంచేశాయి. కనింజాన్ ఆయన వెనక కూర్చుని, ఒక చేత్తో ఆయన నడుమూ ఒక చేత్తో తన ఒళ్లో గరిటే పట్టుకుని ఉంది. దిగగానే బురుల్ ఆవిడ భుజాలు పట్టుకుంది. అత్తను అలా పట్టుకోవడం అదే మొదలు.

"చెప్పండత్తా. దానికి వినపడేలా చెప్పండి. వాడు మనవాడని."

"చెబితే చస్తాడే."

"చెప్పకపోతే మునుగుతాడు."

"నీకేం తెలుసు?" అంది ముసలమ్మ. "మొదటివాడు పుట్టినప్పుడు నా మనవడు, చంద్రుడి ముక్క అని ఊరంతా తిరిగి చెప్పింది ఎవరు? నేను. ఇరవై రోజులు చెప్పాను. ఇరవయ్యో రోజు పోయాడు. రెండోదాన్నీ అంతే. నా నోరే మింగింది వాళ్లని. మళ్లీ ఈ నోటితోనే చెప్పమంటావా?"

ఇన్నేళ్లూ అత్త తన కడుపును తప్పుపడుతోందని బురుల్ అనుకుంది. ఆ ముసలిది తన నోటిని తిట్టుకుంటూ బతుకుతోందని ఇప్పుడే తెలిసింది. జాలేసింది. జాలిపడటానికి టైం లేదు.

"మీ నోరు కాదత్తా, జ్వరం. ఆస్పత్రి దూరం. మీ నోటికి అంత బలముంటే నేనెప్పుడో చచ్చేదాన్ని, మీరు పెట్టిన శాపనార్థాలకి."

ఒరోజ్ దగ్గాడు. కనింజాన్ కోడలి వైపు అదోలా చూసింది.

"అమ్మా" అని అరిచాడు పిల్లాడు దిబ్బ మీంచి. ఇప్పుడు ఏడుస్తున్నాడు. "అమ్మా, కాళ్లు తడుస్తున్నాయి." వాడు పిలిచేది నానమ్మను. బురుల్‌కి ఆ సంగతి తెలుసు, అయినా ఆమె కాళ్లు ఒక అడుగు ముందుకేశాయి. బోజ్ వెనక్కి వెళ్లబోతూ ఒక కాలు ఎత్తింది. బురుల్ రెండు చేతులతో తన తొడలు తనే పట్టుకుని ఆపుకుంది.

అది చూసింది కనింజాన్. నీళ్లలోకి పిక్కల దాకా దిగి, మూడుసార్లు ఉమ్మి, నోటికి అడ్డం వచ్చిన తలగుడ్డ కిందికి లాగింది.

"ఓరి యంత్రమా, నన్ను గుర్తుపట్టావా?"

"పట్టాను, ఇంటిపెద్ద గారూ."

"వాడు నా కొడుకు సమత్ కొడుకు. నా మనవడు. కన్నది ఇదిగో, ఇది. నా కోడలు."

"ముందు వేరేలా చెప్పారు. ఆవిడా కాదన్నారు. రెండు మాటలున్నాయి. ఏది నిజం?"

"ఇదే నిజం. అది భయంతో అన్నాం."

నీళ్లు బోజ్ మోకాళ్లకు తగిలాయి.

"మీరు రోజూ పొద్దున, ఎవరూ లేనప్పుడు, బిడ్డ చెవిలో ఒక పేరు చెబుతారు. తెజెక్ కాదు. 'నా మనవడా' అని కూడా అంటారు. నేను విన్నాను. ఆ పేరు ఏమిటో ఇప్పుడు చెప్పండి. అదీ ఇదీ కలిస్తే మారుస్తాను."

దొంగతనంలో పట్టుబడ్డ మనిషిలా కనింజాన్ తల దించుకుంది. బురుల్ అత్త వైపు చూసింది. ఇంటిల్లిపాదినీ నోరు మూసుకోమని కాపలా కాసిన మనిషి, తను మాత్రం ఒక్కరోజు కూడా ఆగలేకపోయింది.

"ఒముర్" అంది ముసలమ్మ. "ఆయుష్షు అని పెట్టుకున్నాను. నా మనవడు ఒముర్."

కన్న కొడుకు పేరు బురుల్ వినడం అదే మొదటిసారి.

"సరిపోయింది" అంది బోజ్. "తాడు విసరండి, తల్లి గారూ."

తల్లి గారూ అన్న పిలుపు మీద నిలబడే తీరిక కూడా లేకపోయింది. తాడు విసిరింది. మొదటిసారి ఏరు లాక్కుపోయింది. రెండోసారి బోజ్ అందుకుని నడుముకి చుట్టుకుంది. పిల్లాణ్ణి గద్దెలోంచి తీసి రెండు చేతులతో తలకంటే పైకెత్తింది. ఒరోజ్ రెండు గుర్రాలకూ తాడు కట్టి లాగించాడు. సగం దారిలో బోజ్ ముందుకాలు జారింది. అది మునిగిపోయి, నీళ్లమీద రెండు బూడిదరంగు చేతులూ, వాటిలో ఏడుస్తున్న పిల్లాడూ మాత్రం కనిపించారు. బురుల్ ఎప్పుడు నీళ్లలోకి దూకిందో ఆమెకే తెలియదు. రొమ్ము లోతులో వాణ్ణి అందుకుంది. చలి నీళ్లు ఎముకల్లోకి దిగాయి. వాడు ఆమె మెడను గోళ్లు దిగేలా పట్టుకున్నాడు.

బోజ్ ఒడ్డెక్కి, నీళ్లు కార్చుకుంటూ, ఒక కాలు ఈడ్చుకుంటూ నిలబడింది. "బిడ్డను తల్లికి అప్పగించాను" అని ఎవరూ అడక్కుండానే చెప్పింది.

ఇంటికి చేరేసరికి పొద్దు వాలుతోంది. పొయ్యి రాజేశారు, పిల్లాణ్ణి పొట్టేలు తోలులో చుట్టారు. బోజ్ దగ్గరికి వచ్చి కూర్చుని ఊపిరి లెక్కపెట్టింది. "ఊపిరి బాగుంది, తల్లి గారూ" అంది. "నెమ్మదిగా ఏడువే, ఎవరైనా వింటారు" అని యంత్రాన్ని కసిరింది కనింజాన్. ఆవిడ ఇంకా పొగకంత వైపే చూస్తోంది. పేరు పైకి అన్నాక, వాడు దగ్గినప్పుడల్లా ఆవిడ ఉలిక్కిపడుతోంది. బురుల్ కూడా ఉలిక్కిపడుతోంది, అది దాచి ప్రయోజనం లేదు.

కాసేపటికి ముసలమ్మ ఒళ్లోంచి గరిటె తీసింది. దాన్ని అటూ ఇటూ తిప్పి, కోడలి దగ్గరికి జరిగి గొంతు తగ్గించింది.

"ఏమే, ఒక మాట. బాత్మా మనిషి, పోయింది. మనుషులంతా పోతారు. ఇదిగో, ఇది పోదు." బోజ్ వైపు గడ్డంతో చూపించింది. "ఈసారి దీనికి అమ్మేద్దాం. గరిటె దీని చేతిలో పెట్టి మనం తీసుకుంటే సరి. దీని దగ్గర్నుంచి వాణ్ణి ఎవరు లాక్కోగలరు? ఇవాళ నువ్వే లాక్కోలేకపోయావు."

ఆవిడ అప్పటికే గరిటె బోజ్ చేతిలో పెట్టేసింది. బోజ్ దాన్ని పట్టుకుని, ఏం చేయాలో ఎవరైనా చెబుతారేమోనని చూస్తోంది.

బురుల్‌కి వెంటనే వద్దనాలనిపించలేదు. అది చెప్పుకోవాలి. ఒక్క నిమిషం పాటు ఆ మాట ఎంతో హాయిగా అనిపించింది. చావులేనిదానికి అమ్మేసి, ఇక జీవితాంతం నిశ్చింతగా నిద్రపోవచ్చు. వాడు తనది కాదు కాబట్టి తనకు పోయేదేమీ లేదు. మెడ మీద వాడి గోళ్లు దిగినచోట మండింది.

ఆమె లేచి బోజ్ చేతిలోంచి గరిటె తీసుకుంది.

"వద్దత్తా. అమ్మను."

"భయం లేదూ నీకు?"

"ఉంది. చచ్చేంత ఉంది. ఉండనీ. నా కొడుకు, నా భయం. ఎవరికీ అమ్మను."

కనింజాన్ తలగుడ్డ కొంగుతో ముక్కు తుడుచుకుని, పొయ్యిలోకి ఒక పిడక తోసింది.

బురుల్ గరిటెను కాగుతున్న పాలలో ముంచి, ఊదుకుంటూ వచ్చి, కొడుకు నోటి దగ్గర పెట్టింది. వాడు తోలులోంచి తల బయటపెట్టి చూశాడు.

"బురుల్, ఇది కారుతోంది."

"అవును. తొందరగా తాగు, ఒముర్" అంది, వాడి గడ్డం కింద చెయ్యి పట్టి.